ఒక సూతు తేడా

లతీఫ్ తుక్కు కొట్టుల
విరిగిన కుళాయిల నడుమ దొరికిందది.
ఎర్ర రంగు వెలిసి ఇటుకపొడి లెక్కయింది,
పొట్ట కింద జపాను అక్షరాలు,
రిమోట్ మీద ఏంటెన్నా
చిలక వాలిన జొన్నకంకి.
"ప్లాస్టిక్ గదా, కిలో పన్నెండు" అన్నడు.
వంద చేతుల పెట్టి చిల్లర అడగలే.

నలభై ఏండ్ల బండి.
మోటరు తిరుగుతది. గేర్ల పండ్లు ఒక్కటి ఊడలే.
టైర్లే పోయినయి.
ముందరివి గోరు తాకితే పెచ్చులు,
వెనుకవి కరిగి
రేకు డబ్బాల మర్చిపోయిన బెల్లమై
రిమ్ముకు అంటుకున్నయి.

జాన్‌పాషా ఫోన్ల వెతికి తెప్పించిండు కొత్తవి.
డబ్బా విప్పంగనే
బడి తెరిచిన రోజు చెప్పుల వాసన.
చూస్తే, నడిమి బెజ్జం ఆరుపలకలు.
మాది గుండ్రని ఇరుసు, అడ్డంగ సూదంత పిన్ను.
"ఇరుసు కోసేద్దాం మామా, కొత్తది ఏద్దాం."
నేను మాట్లాడలే.
ముప్పై ఏండ్లు మిర్యాలగూడ మిల్లులల్ల ఫిట్టరు పని చేసినోణ్ని,
ఏది మారిస్తే ఏది అలుగుతదో నాకెరుక.

సాగర్ రోడ్డు మీద ముత్తిలింగం లేతు.
మర్రిగూడెం దిక్కు పుట్టినోడు.
చిన్ననాటి బోరునీళ్లు ఎముకలల్ల దిగి
మోకాళ్లు రెండు విల్లులైనయి.
స్టూలు మీదుంటే ఎవ్వలకు తెల్వది,
లేచినప్పుడే కనబడుతది
అడుగడుగుకు నేలతోని ఆయన బేరం.

నైలాను కడ్డీ బిగించి బుష్షులు తీసిండు.
లోపల గుండ్రం లేతు మీద,
బయటి ఆరు పలకలు ఆకురాయితోని, చేత్తోని,
పిన్ను కూసునే గాటు ఆఖరున.
తరుగు తెల్లగ సేమియా లెక్క
చొక్కా మీద, కనుబొమ్మల మీద, చాయ్ గ్లాసుల.
డబ్బులడిగితే
"బండి నడిచినంక చూద్దాం" అన్నడు.

వెనుక చక్రాలు కుదిరినయి.
ముందరివి మలిపినప్పుడల్లా బాడీకి రాసుకునె.
రాత్రి నిద్రల యాదికొచ్చింది
మిల్లు మూలకు పారేసిన రబ్బరు రోలు,
వడ్ల పొట్టు ఒలిచి ఒలిచి అరిగింది.
ఎన్ని లారీల సన్నాలు
దాని చెంపలు రాసుకుంట పోయినయో.
తెల్లారి పోయి పట్టీలు కోసిన,
పాత రిమ్ములు గీకి, సొల్యూషన్ పూసి,
సైకిల్ ట్యూబు ముక్కతోని గట్టిగ కట్టి
రెండు దినాలు ముట్టలే.

ఆదివారం. లారీలు లేవు.
వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం మొత్తం మాదే.
వెనుక నల్లటి కొత్త టైర్లు, ఎత్తుగ.
ముందర పాలరంగు పట్టీలు, పొట్టిగ.
మూతి కిందికి పెట్టి
పుంజు లెక్క నిలబడ్డది.

మీట నొక్కిన.
ఉరికింది, ఎడమకు.
మళ్ల నొక్కిన. మళ్ల ఎడమకే.
కొలిస్తే కుడి చక్రం ఒక సూతు పెద్దది,
నా కత్తి తప్పు.
ఆకురాయి తీసిన.

"ఉండనియ్" అన్నడు ముత్తిలింగం,
రిమోట్ గుంజుకొని.
"ఎడమకు పోతదని ఎరుకైంది గదా.
రవ్వంత కుడికి పట్టాలె, అంతే."
బొటనేలు కదిలిందో లేదో నాకైతే కనబళ్లే.
బండి దారం కట్టినట్టు పోయింది
కల్లం ఈ కొస నుంచి ఆ కొసకు,
తవుడు దుమ్ముల
రెండు తీర్ల గీతలు గీసుకుంట.

ఆయన లేచి దాని ఎన్క నడిచిండు,
ఒక పక్కకు, మళ్లొక పక్కకు.

"మామా, గిది ఇప్పుడు పాత బండేనా?"
జాన్‌పాషా అడిగిండు.
జవాబు ఆలోచించేలోపల
పోయి ఊక కుప్పల దూరింది.
వెనుక చక్రాలు ఆగకుండ తిరుగుతున్నయి,
ఊకను మా మొఖాల మీద కొడుతున్నయి.
ముందరివి మాత్రం
కదలకుండ ఉన్నయి,
ఎరిగిన ఇంట్లకు వచ్చినట్టు.