రెండో అంతస్తు, చివరి గది

ఆ కొండ మీది హోటల్‌కి ఏడాదికి రెండుసార్లు వెళ్తాను,
మంచు పడే ముందొకసారి, కరిగాక ఒకసారి.
ఎప్పుడూ వెనక వాకిలే. బొగ్గు గది పక్కనుంచి సన్నటి మెట్లు.
నూట ముప్ఫై ఏళ్ల గోడల మీద నలభై ఒక్క గడియారాలు.
ప్రతి ఆదివారం కుర్దిన్ కీ ఇస్తాడు,
ఆరునెలలకోసారి నేను నూనె పెడతాను.
మా నాన్నా ఇదే పని చేశాడు, ఇరవై ఏడేళ్లు.
ఎర్ర తివాచీ మీద పిల్లిలా నడవడం ఆయనే నేర్పాడు.

ఆ జనవరిలో మాత్రం కబురు పెట్టి పిలిచారు.
కొత్త సంవత్సరం రాత్రి ఎవరో ఎగరేసిన షాంపేన్ బిరడా
తిన్నగా వెళ్లి హాల్లోని పెద్ద గడియారం ముల్లుకి తగిలిందట.
వంగిన ముల్లుని వేళ్లతోనే సరిచేశాను.
సంచీ సర్దుకుంటుంటే
కింద ఎక్కడో కొండ దగ్గినట్టయింది.

హిమపాతం. లోయకి దిగే దారి మూసుకుపోయింది.

మేనేజరమ్మ కాఫ్లిష్ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది,
ముఖ్యంగా నా బూట్లని.
"బాసెల్ వాళ్లు రాలేకపోయారు, ఒక గది ఖాళీగా ఉంది" అంది,
అప్పు ఇస్తున్నట్టు కాదు,
అప్పు తీరుస్తున్నట్టూ కాదు.
ఇంటికి ఫోన్ చేస్తే మా మెంజా పడీ పడీ నవ్వింది:
"సబ్బుబిళ్లలు తీసుకురా!"

భోజనానికి కోటు లేనిదే రానివ్వరు.
అతిథులు మరిచిపోయిన బట్టల బీరువాలోంచి
కుర్దిన్ ఒకటి తెచ్చి తొడిగాడు, భుజాల దగ్గర వదులు.
జేబులో మంచుబండి టికెట్టు, రెండు సీట్లకి,
ఒక్క సగమే చింపి ఉంది.
ఏ ఏటిదో కనపడలేదు.

నా బల్ల దగ్గర ఓ ముసలావిడ, మెడలో ముత్యాలు, చేతికర్ర.
సూపు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా
"మీ వ్యాపారం ఏమిటి?" అని అడిగింది.
గడియారాలు బాగుచేస్తానన్నాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత మణికట్టు నుంచి చిన్న బంగారు వాచీ విప్పి
ఉప్పుగిన్నె పక్కన పెట్టింది.
"ఆయన పోయిన రోజు నుంచీ ఆగిపోయింది.
బాగుచెయ్యొద్దు. ఏమైందో చెప్పండి చాలు."

చెవి దగ్గర పెట్టుకున్నాను.
తిప్పే మేకు మీద వేలు ఆనించి ఒక్క పలుకంత తిప్పాను.
లోపల కదిలింది, నిద్రలో పిల్లాడి ఊపిరిలా.
దానికేమీ కాలేదు.
ఎవరూ కీ ఇవ్వలేదు, అంతే.

"స్ప్రింగు విరిగిందండీ," అన్నాను.
"ఈ రకం స్ప్రింగులు ఇప్పుడెక్కడా దొరకవు."

ఆవిడ తలూపింది.
వాచీ మళ్లీ చేతికి పెట్టుకుంది,
చల్లారిన సూపంతా తాగేసింది.

నా గది రెండో అంతస్తులో చివరిది.
నడుము లోతున దిగబడే పరుపు,
నేను పుట్టకముందే నేసిన దుప్పటి,
కిటికీ అవతల మంచులో దీపాలన్నీ మునిగిపోయిన లోయ.
అన్నీ బాగానే ఉన్నాయి గానీ
పొయ్యి పైన చిన్న గడియారం, నేను నూనె పెట్టినదే,
టిక్కు టిక్కుమని తలలో మేకులు కొట్టింది.
ఇన్నేళ్లలో వీటి పక్కన నిద్రపోవాల్సిన మనిషి గురించి
ఒక్కసారైనా ఆలోచించానా?
లేచి, చలికి వణుకుతూ, లోలకాన్ని పట్టుకుని ఆపాను.
రెండూ పది.

పొద్దున్నే మంచు తవ్వే బండ్లు దారి తీశాయి.
ఎప్పటిలా వెనక వాకిలి నుంచే దిగిపోయాను,
జేబులో రెండు సబ్బుబిళ్లలు.

ఏప్రిల్లో మళ్లీ వెళ్లాను.
చివరి గదిలో ఇంకా రెండూ పదే.
కుర్దిన్ పక్కకి చూస్తూ అన్నాడు:
"ఈ గదిలో దిగినవాళ్లెవరూ నిద్ర పట్టలేదనలేదు మరి."
దాని ముఖం మీది దుమ్ము మాత్రం తుడిచాను.

సాయంత్రం ఆఫీసులో బిల్లు రాసిచ్చాను.
గడియారాలు: నలభై.
కాఫ్లిష్ అమ్మ ఓసారి లెక్క చూసింది,
ఓసారి నన్ను చూసింది,
సంతకం పెట్టింది.