నాలుగో జ్వరం

ఏడు గంటల వార్తల్లో
లంబసింగి మూడంట.
అరకు ఐదు. ఆదిలాబాదు ఆరో ఏడో,
రేడియో గరగరలో సరిగా వినపడలా.
చిత్తూరు జిల్లా మొత్తానికీ ఒకటే మాట:
పొడి వాతావరణం.

ఒకటే జిల్లా అంటారు గానీ
మొగిలి కనుమ దిగినోళ్ళు
బంగారుపాళ్యంలో స్వెట్టరు విప్పి ఒళ్ళో పెట్టుకుంటారు.
కనుమకి ఈ పక్క, బైరెడ్డిపల్లె దోవలో,
మల్బరీ ఆకు మీద మంచు ఆరేదాకా
కొడవలి గోడకానుకొని కూర్చోనుంటాది
తొమ్మిదైనా.
తడాకు పెడితే పురుగు పోతాది.
ఆ సంగతి ఏ వార్తల్లోనూ రాదు.

మా బావమరిది ఎల్లోజీ
టమోటా లోడుతో ఢిల్లీ పోయినాడు.
మధుర దాటినాక పొగమంచులో
క్లీనరు దిగి బానెట్ తడతా
లారీకి ముందు నడిచినాడంట.
"మండీలో కూలోళ్ళకి చేతుల్లేవు బావా,
అన్నీ చంకల్లో ఉండాయి" అని
ఫోన్లో నవ్వినాడు, పళ్ళు టకటకలాడతా.

మా పురుగులకి నాలుగో జ్వరం.
మేత మానేసి, తలలు పైకెత్తి
కదలకుండా ఉండాయి తట్టల్నిండా,
ఎవరో ఏదో చెప్తావుంటే వింటున్నట్టు.
షెడ్డులో మేకుకి
పట్టుపరిశ్రమ ఆఫీసోళ్ళిచ్చిన గాజుకడ్డీ.
ఇరవై నాలుగు తగ్గకూడదు.
రాత్రి రెండింటికి లేచి చూస్తే పంతొమ్మిది.

రెడ్డెమ్మ కుంపట్లో బొగ్గులేసి
ఊది, ఊది, కళ్ళు తుడుచుకొని
"పద్దెనిమిదేళ్ళాయె.
నా చలెంతో ఎప్పుడన్నా చూసినావా దాంట్లో" అనింది.
నవ్విందో, పొగకి దగ్గిందో.

మేకు నుంచి తీసి
ఆమె పిడికిట్లో పెట్టినా.
పాదరసం కదిలేదానికి చానాసేపు పట్టింది.
ఇరవై దాటి ఒక గీత.
అక్కడే నిలబడిపోయింది.
కుంపటి ఆమె వైపుకి జరిపినా.
ఆమె మళ్ళీ తట్టల వైపుకి జరిపింది.

తెల్లారేతలికి జ్వరం దిగింది.
పాత తోలు విప్పేసి
కొత్త నోళ్ళతో లేచినాయి.
సున్నం చల్లి, కొంచేపు ఆగి,
ఆరిన ఆకు పరిచినాం.

రేడియో మళ్ళీ అదే మాట, పొడి వాతావరణం.
షెడ్డులో మాత్రం
రేకుల మీద పడే సన్న తుంపర మాదిరి
ఒకటే చప్పుడు, వేల నోళ్ళది.

"ఇంకో రెండు మూటలు కోసకరా పో" అనింది రెడ్డెమ్మ,
చేతులు చంకల్లో పెట్టుకొని.