నిరుటి కాయ

హార్బర్లో పదకొండు రోజులు
ఇనుప కంటైనర్లో ఉడికి వచ్చిందీ ఆలివ్ నూనె.
ఇంకా పద్నాలుగు నెలలుందంటుంది డబ్బా మీది తేదీ.
అది ఎండలో నిలబడి రాసిన తేదీ కాదు.

గిండీ ఎస్టేట్‌లో మా ల్యాబు.
కింద లేత్ మిషన్లు, పైన మేము.
ఇరవై రెండేళ్లు నూనెని ఒకే తీరున అడిగాను:
క్లోరోఫాం పోసి, ఆమ్లం పోసి,
చీకట్లో కూచోబెట్టి,
నీలం మాయమయ్యేదాకా బొట్టుబొట్టుగా కక్కించి.
స్టేషన్లో విచారణ లాంటిది.
జవాబు వచ్చేసరికి చెప్పినవాడు మిగలడు.
ఐదు గ్రాముల నూనెకి ముప్పై మిల్లీల విషం
డ్రమ్ములో చేరి, నెలకోసారి
గుమ్మిడిపూండి లారీ ఎక్కేది.

ఆ గాజుసామాను కడిగేది దేశమ్మ.
తిరువొత్తియూర్‌లో వాళ్ల నాన్నకి గానుగ ఉండేదట.
ఎద్దు పేరు కూడా చెబుతుంది, సింగారం.
ఆమె వేళ్లు మాత్రం
మిద్దె మీద మరిచిపోయిన ప్లాస్టిక్ బకెట్‌లా
గీతలు గీతలుగా పగిలాయి.

ఈ ఏడు కొత్త పెట్టె వచ్చింది,
టిఫిన్ డబ్బా అంత.
లోపల ఊదా రంగు వెలుతురు.
నూనె సీసా ఎదురుగా పెడితే చాలు.
కాయలోని పచ్చదనం ఎర్రగా పలుకుతుంది.
పాతబడేకొద్దీ ఆ ఎరుపు సన్నగిల్లి
నీలి మసక కమ్ముతుంది.

ఓవెన్ కూడా మానేశాను.
అరవై డిగ్రీల్లో, రోజుకో నెల చొప్పున
నూనెకి ముసలితనం నేర్పే ఓవెన్.
రోహిణి కార్తెలో మేడ మీద రేకుల కింద
సీసాలు వరసగా పేర్చాను.
ఆలస్యమే, ఒప్పుకుంటాను.
కానీ ఈ ఊరి వంటిళ్లలో
అది బతకాల్సిన వేడి ఇదేగా.

ఇవాళ పెట్టె ఇంకా ఆలోచిస్తుండగానే
తడిగుడ్డ పక్కన పెట్టి
అరచేతిలో ఒక్క బొట్టు రుద్ది,
వాసన చూసి, నాలికకి తాకించి,
"సిక్కు వాసన ఇంకా పట్టలేదమ్మా,
కానీ గొంతులో గుచ్చడం లేదు.
చేదుంటేనే కదా నూనెకి ప్రాణం.
ఇది నిరుటి కాయ" అంది దేశమ్మ.
రెండు నిమిషాలకి
పెట్టె అదే మాట అంకెల్లో అంది.

సంతోషించాలో లేదో తెలియలేదు నాకు.
కడగడానికి గాజు లేదిప్పుడు.
డ్రమ్ము లేదు, లారీ రాదు.
"ఆవిడెందుకింక?" అని
మేనేజర్ పట్టాభి రెండుసార్లు అడిగాడు.
రుచి చూసే బల్ల దగ్గర
ఆమెకో కుర్చీ వేయమని రాసిచ్చాను.
ఫారంలో చదువెంత అని ఒక గడి ఉంది.
ఖాళీగా వదిలేశాను.

ఇన్నేళ్లలో మొదటిసారి
పరీక్షయ్యాక నూనె నూనెగానే మిగిలింది.
సాయంత్రం కిటికీ దగ్గర
ఆ నిరుటి కాయని
వేళ్ల పగుళ్లలోకి ఇంకించుకుంటోంది దేశమ్మ,
ఒక్కో వేలూ, తొందర లేకుండా.

"దీనికైతే ఇంకో ఏడాది ఉంటుందమ్మా."