నూట ఎనభై నాలుగు దగ్గర గుట్ట

తార్తులో ఆ ఫిబ్రవరి
ఎమాయెగి నది గడ్డకట్టి సైకిళ్ళను మోసింది.
భౌతికశాస్త్ర భవనం నేలమాళిగలో
సీసపు ఇటుకల గూట్లో
కందిగింజంత సీజియం
కంటికి ఆనని వెలుగును కక్కుతూనే ఉంది,
ఎవరూ అడక్కపోయినా.

మైముకి దానితో ముప్ఫై ఒక్కేళ్ళ సావాసం.
డిగ్రీ లేదు. ఉన్ని తొడుగు ఎడమచేతికే,
కుడిచేత్తో మీట తిప్పాలి గనక.
నాకు పందొమ్మిది. నాకన్నీ తెలుసు.

వెలుగుకు అడ్డంగా అల్యూమినియం కడ్డీ, నా బొటనవేలంత.
"ముప్ఫై డిగ్రీలు" అనేది. ఐదువందల అరవై నాలుగు.
"అరవై." నాలుగువందల రెండు.
"తొంభై." రెండువందల ఎనభై ఎనిమిది.
గూట్లోంచి బయల్దేరినప్పుడు ఆరువందల అరవై రెండు.

ఎంత తిరిగితే అంత సుంకం.
తిన్నగా పోయేదానికి చిల్లిగవ్వ ఖర్చు లేదు.
వచ్చిన దారినే మొహం తిప్పినదానికి
రూపాయికి పావలా, ఆ పైన రెండు మూడు పైసలు.
అల సాగుతుంది,
విప్పేసిన స్వెటర్ దారాన్ని
రెండు చేతులా లాగినట్టు.

"మరి ఎలక్ట్రాన్?"
"దాని సంగతి ఎవరూ అడగరు" అంది మైము.
తొంభై దగ్గర తేడా పడ్డ మూడువందల డెబ్బై నాలుగూ
అదే నెత్తినెత్తుకుంటుంది.
అరమిల్లీమీటరైనా పోలేక
కడ్డీలోనే కూలబడి
రవ్వంత వేడవుతుంది. అంతే.

ఒక రాత్రి డిటెక్టర్ సున్నా దగ్గర,
దాని వెనకే ఆమె కుర్చీ.
గ్రాఫులో నూట ఎనభై నాలుగు దగ్గర
ఎవరూ పిలవని గుట్ట.
కడ్డీ తీసేశాను. పోలేదు.
తీగలు పీకి మళ్ళీ పెట్టాను. పోలేదు.
ఆంప్లిఫయర్‌ని అమ్మనాబూతులు తిట్టాను.

మైము నవ్వి, కుర్చీతో సహా తలుపు దాకా జరిగింది.
గుట్ట కాస్త కుంగింది.
మళ్ళీ దగ్గరికొచ్చింది. లేచింది.
"గోడ కొంత, నేను కొంత.
ఒళ్ళంతా నీళ్ళే కదా అబ్బాయ్,
నీళ్ళనిండా ఎలక్ట్రాన్లే."

గోడకు కొట్టిన బంతి అంటాం.
ఆమెను దాటబోయి, ఆమెకు కొంత ఇచ్చేసి,
వెనక్కొచ్చిన వెలుగు అది.
ముప్ఫై ఒక్కేళ్ళుగా.
నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రికార్డు పుస్తకంలో నేపథ్యం అనే గడి ఉంటుంది.
రాశాను: గోడ, బల్ల, మైము.
అసలులోంచి దాన్ని తీసివేస్తేగాని
ప్రయోగం పూర్తయినట్టు కాదు.

ఆ ఒక్క తీసివేత చెయ్యలేదు.
పదికి ఆరు వేశారు.