పన్ను పోను

తార్నాకలో మా ల్యాబుకి
సముద్రం సంచుల్లో వస్తుంది.
పదిహేను కిలోల సంచి, ఎర్ర సీలు, నమూనా నంబరు.
సాగర్ అని పేరున్న చెరువే తప్ప
ఈ ఊళ్ళో ఉప్పునీళ్ళెక్కడివి?
మొదటిసారి సంచి మూతి విప్పి
ముఖం లోపల పెట్టి వాసన చూశాను.
ఎండిన మట్టి. కొంచెం తుప్పు. అంతే.

నల్లటి గడ్డలు,
మోండా మార్కెట్లో ఏరకుండా పోసిన ఆలుగడ్డల్లాంటివి,
ఒక పక్క నున్నగా, ఒక పక్క గరుకుగా.
అయిదు వేల మీటర్ల కింద, చీకట్లో,
పది లక్షల ఏళ్ళకి ఒక బియ్యపు గింజంత లావెక్కుతాయట.
నేను వాటిని నలభై సెకన్లలో పిండి చేస్తాను.
ఓర్సు చంద్రకళ, నమూనాల విభాగం, కాంట్రాక్టు.

రాళ్ళు కొట్టడం మాకు కొత్త కాదు.
మా నాయిన తిప్పన్న రాయదుర్గం గుట్టల మీద
సుత్తె ఎత్తే ముందు
గుండుని వేలి కణుపులతో తట్టి చెవి ఆనించేవాడు.
"లోపల ఎవరన్న ఉన్నరేమో అడగాలె బిడ్డా."
ఉండేవి. ఉడుములు, ఒక గుడ్లగూబ,
పగుల్లోంచి మొలిచి కాయలు కాసే సీతాఫలం చెట్టు.
ఆఫీసు కాయితంలో మాత్రం: ఖాళీ గుట్ట.
ఇప్పుడక్కడ నలభై అంతస్తుల అద్దం.
నాయిన దాని లోపలికి ఒక్కసారే పోయాడు,
వాచ్‌మన్ పనికి అడగడానికి.

పోయిన నెల మీటింగు హాల్లో
గడ్డల ట్రే పట్టుకుని గోడకి నిలబడ్డాను.
బొంబాయి నుంచి వచ్చినాయన అంటున్నాడు:
"అడుగున ఊళ్ళు లేవు, పట్టాలు లేవు,
పునరావాసం లేదు, ధర్నా లేదు.
కోబాల్టు ఉంది, నికెల్ ఉంది, రాగి ఉంది."
తెర మీద గీత మెట్లెక్కుతోంది.
డాక్టర్ వైజయంతి మేడమ్ లేచి,
"యంత్రం లేపిన బురద ఎంత దూరం పోతుందో,
ఎన్నేళ్ళకి కిందికి దిగుతుందో
మాకు ఇంకా తెలీదు" అన్నారు.
ఆయన 'ఇంకా' అన్న మాటను పట్టుకున్నాడు.
"అంటే తెలుస్తుందన్నమాట!"
హాలంతా నవ్వింది.
"సరే మేడమ్, పన్ను పోను
టన్నుకి ఎంత మిగులుతుంది?"

మంగళవారం, నలభై ఏడో నమూనా.
దవడ మిషను కిర్రుమని ఆగింది.
స్విచ్చాపి చెయ్యి పెట్టి లాగాను.
రెండుగా చీలిన గడ్డ. ఉల్లిపొరల్లా వలయాలు.
నడి మధ్యలో పన్ను.
సొరచేపది. మూడు మూలలది.
అంచు నా గ్లవ్‌ని కోసింది.

చిన్నప్పుడు పాలపన్ను ఊడితే
పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్ళం,
కొత్తది రావాలని.
ఈ చేప కిందికి విసిరింది.
ముద్ద చెయ్యడం సముద్రం పని.
ఇంకా చేస్తూనే ఉంది, మనం పడవేసుకుని వెళ్ళేదాకా.

అసలే ముట్టొద్దని అనేంత దాన్ని కాను.
నాచారంలో రెండో అంతస్తు కిటికీలోంచి వైరు దింపి
రాత్రంతా బండి చార్జింగ్ పెడతాను.
అది లేకుంటే రెండు బస్సులు, గంటంబావు.
మార్చిలో నా కాంట్రాక్టు
ఈ సంచుల మీదే నిలబడుతుంది.

అయినా రిజిస్టరు ముందు కూర్చుంటే
మాంగనీసుకి గడి ఉంది, రాగికి ఉంది,
తేమకి, వ్యర్థానికి కూడా ఉంది.
దీనికి లేదు.
మేడమ్ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.
"బరువులోంచి తీసెయ్యి" అన్నారు,
ఎటో చూస్తూ.
రాశాను:
పన్ను పోను, నాలుగు వందల పన్నెండు గ్రాములు.

మిగిలిన సగం మిషన్లో వెయ్యాలి.
గ్లవ్ తీశాను.
వేలి కణుపులతో రెండుసార్లు తట్టి
చెవి ఆనించాను.
"ఏమైంది చంద్రకళా, కరెంటు పోయిందా?"
పక్క గదిలోంచి ఎవరో.

లేదు, ఉంది.