రెండోసారి నూనెల

శనారం సాయంత్రం, నల్లగండ్ల, పదకొండో అంతస్తు.
నలుగురు ఇంగ్లండోళ్లు
ఆలుగడ్డ మీద కొట్లాడుతున్నరు.

మోరీనమ్మ అంటది, పొద్దుతిరుగుడు నూనె చాలు.
హిలరీ అంటది, నూనెనే అద్దు, గాలి డబ్బ ఉన్నది గద.
డెరిక్ సారు నెత్తి కొట్టుకుంటడు:
వాళ్లమ్మ పశువు కొవ్వుల గోలిచ్చేదట,
ఆ వాసన పరదాలకు పట్టి
మల్ల శనారం దాక పోయేది కాదట.
గ్యారెత్ సారు ఒక్కడే ఏమన్లే.
పొయ్యి దిక్కు చూసుకుంట కూసున్నడు.

నేను కొమురమ్మను. ఎనిమిదేండ్ల సంది ఈళ్ల వంటింట్ల
సగం మాట చెవులతోని ఇంట,
సగం చేతులతోని.

మొదలు ఒక మిషిన్ ఉండె.
సూట్‌కేసుల బట్టలు తీసేసి మరీ తెచ్చుకున్నరు,
గోలిచ్చే మిషిన్, తెల్లగ, మూత మీద కిటికీతోని.
దాని ప్లగ్గుకు నలుచదరపు పండ్లు,
మన గోడకేమో గుండ్రటి నోరు.
నడుమ ఇంకోటేదో పెట్టి ఒత్తిండ్రు.
టప్పుమన్నది.
ఇల్లంత చీకటి, ఫ్రిజ్జుతోని సహా.

అప్పుడు నన్ను బేగంబజారుకు పంపిన్రు.
"గింత పెద్దది" అని డెరిక్ సారు చేతులు చాపిండు,
జారిపోయిన చేప గురించి చెప్పినట్టు.

దుకాణంల ఇత్తడి మెరుస్తది, స్టీలు మెరుస్తది,
నాన్‌స్టిక్ అయితే పెండ్లిపిల్ల లెక్క కూసుంటది.
నేను మూలకున్న ఇనుప కడాయిని ఏలుతోని కొట్టిన.
పగులుంటే బొంగురుగ పలుకుతది,
ఇది ఖణేల్మన్నది.
తూకం ఏసి ఇచ్చిండు, ఆలుగడ్డలిచ్చినట్టే.

మూడు దినాలు ఎవర్ని ముట్టనియ్యలే.
ఒక రాత్రి గంజిల నానబెట్టి,
చింతపండుతోని తోమి,
ఉల్లిగడ్డ పొట్టు బొగ్గయ్యేదాక ఏంచి,
పల్లినూనె పూసి, కాల్చి, మల్ల పూసి...
అప్పటికి తొవ్వకొచ్చింది.
ఇదంత ఎందుకు, సబ్బు లేదా, అన్నది హిలరీ.
సబ్బు పెడితే అది మనల్ని మర్చిపోతదమ్మా, అన్న.
తెలుగులనే అన్న.
ఆమె తలకాయ ఊపింది, అర్థమైనట్టు, కానట్టు.

ఇగ ఇయ్యాల నూనె కాగుతున్నది.
ఒక ముక్క ఏసి చూసిన. అడుగుకు పోయి సోమరిగ లేచింది.
ఇంకా కాలే.
వెనుక అడుగుల చప్పుడు. గ్యారెత్ సారు,
చేతుల తడి తువ్వాల.

ఎందుకు సారూ?
చేతులతోని చెప్పిండు: గింత పిల్లగాడు.
అమ్మ గోడ ఫోనెత్తనీకి పోయింది.
కడాయిల మంట లేచి పరదా అందుకున్నది.
అమ్మ ఉరికొచ్చి నీళ్లు పోసింది.
ఆ మీద ఆయన చెయ్యి గాలిల ఆగిపోయింది.

నీళ్లు.
నా ఒళ్లు జల్లుమన్నది.
పొయ్యి పక్కనున్న చెంబు తీసి
బాల్కనీల పెట్టొచ్చిన. ఏమన్లే, ఆయన గూడ ఏమన్లే.

హాల్ల ఇంకో పంచాయితి లేచింది:
ఒక్కసారి గోలియ్యాల్నా, రెండుసార్లా?
ఒక్కసారే, నాగరికులు ఒక్కసారే, అంటది మోరీనమ్మ.
రెండుసార్లని డెరిక్ సారు ఒట్టేస్తడు.
నేను ఇద్దర్ని కిటికీ కాడికి పిలిచి కిందికి చూపించిన.
గేటు బయట నర్సింలు బండి.
మధ్యాహ్నం తీసిన మిర్చి బజ్జీలు తరిగి
మల్ల నూనెల ఏస్తున్నడు.
కార్లు దిగి నిలబడ్డరు జనం, ఇస్తరాకు ముక్కలు పట్టుకోని.
మోరీనమ్మ చాలాసేపు చూసింది.
"సరే" అన్నది. ఆమెకొచ్చిన నాలుగు తెలుగు మాటల్ల అదొకటి.

మొదటిసారి తెల్లగుండంగనే తీసిన.
గుడ్డ మీద ఆరబోసిన, ఊపిరి తీసుకోనిచ్చిన.
రెండోసారి ఏస్తే
కడాయిల వాన మొదలైంది.
మా ఊర్ల గిట్లనే పడ్తదన్నడు గ్యారెత్ సారు,
నెలల కొద్ది, ఉత్తగనే.
తువ్వాల భుజం మీద ఏసుకున్నడు,
అంగీ తడిసినా తియ్యలే.

సిర్కా అడిగిన్రు. ఇంట్ల లేదు.
నిమ్మకాయ పిండిన.
గిన్నె ఖాళీ అయ్యేదాక
ఎవ్వరూ కొట్లాడలే.

రాత్రి కడాయి కడుగుదామని పోతే
గట్టు మీద సబ్బు లేదు.
గ్యారెత్ సారు దాచిపెట్టిండు.