కదలని కండె

తిరుపతిలో, గాంధీరోడ్డు వెనక సందులో
తాళాలూ టార్చిలైట్లూ అమ్మే కొట్లో
గాజుబీరువా లోపల పన్నెండు రీళ్ళు.
"అబ్బాయికా అమ్మా?" అన్నాడు వజ్రవేలు.
"నాకే" అన్నాను.
ఒకసారి నా చీరకేసి చూశాడు,
ఒకసారి నా వేళ్ళకేసి,
స్టూలు తుడిచి ముందుకు జరిపాడు.

మొదట పెద్దది తీశాడు. బంగారురంగు.
పది బేరింగులంట.
పెళ్ళిలో బ్యాండుమేళం మాదిరుంది.
ఎత్తితే ముప్పావు కిలో పైమాటే.
పన్నెండడుగుల గెడకి దీన్ని బిగించి
పొద్దెక్కేదాకా విసరాలంటే
భుజం నాది కదా, బేరింగులది కాదే.

రెండోది చెరువు చేపలకి.
తూపిలిపాళెం అల ముందర
అది గిలక్కాయ.

మూడోదాని పిడి తిప్పాను.
చువ్వ గిరగిరా తిరిగింది, దారం చుట్టుకుంది,
కండె తిరగలేదు.

నవ్వొచ్చింది.
ముప్పైయేళ్ళుగా వెంకటగిరిలో
రాట్నం ముందు కూర్చోని కండెలు చుట్టేదాన్ని.
నాడాలో కండె కూడా ఇంతే.
నాడా అటూ ఇటూ పరిగెత్తతాది,
కండె తన మేకులో తాను ఊరకే కూర్చోనుంటాది,
కొస మీదనుంచి నూలు
ఒక్కో చుట్టూ జారిపోతానే ఉంటాది.
ఇయ్యడానికి తిరగబన్లేదని
దానికెవురు చెప్పారో.

అంచు చుట్టూ గోరు తిప్పి చూశాను.
వెంట్రుకవాసి గంటున్నా
నూలు అక్కడే ఏడుస్తాది.
రెండు పెట్టెలు వెనక్కి పంపాను.
మూడో పెట్టెలో దాని అంచు
కొత్త గాజు లోపలివైపు మాదిరి.

"కండె ఇంత వెడల్పెందుకు, లోతు లేదెందుకు?" అంటే
కేటలాగు తెరిచాడు. నేను మూసేశాను.
నూలు అడుక్కి దిగేకొద్దీ
అంచుకి రాసుకోని రాసుకోని వస్తాది,
విసురు సగంలోనే సత్తువ పోతాది.
అడగడం ఊరికే, అతనికి తెలుసునా అని.

"డ్రాగు చూడక్కా" అన్నాడు.
అమ్మ ఎప్పుడు అక్కయిందో నేను గమనించలేదు.
ముందరి బిరడా కొంచెం బిగించి దారం లాగాను.
జారాల, ఎగిరిపడకూడదు.
పడుగు లాగిన చేతికి ఇది పాతపాఠం.

"దారం ఎంత చుట్టమంటావు?"
"అంచుకి బియ్యపుగింజ మందం దిగువన ఆపు.
నిండా పోస్తే గుంపుగా దూకి చిక్కుపడతాది,
తక్కువైతే పిసినారి చెయ్యే.
తడిగుడ్డతో పట్టుకోని బిగువుగా చుట్టు,
ఈరోజు వదులు రేపు పగబడతాది."
అతను వదులుగానే మొదలుపెట్టాడు.
లాక్కోని నేనే చుట్టాను.
బ్యాటరీలకొచ్చినాయన బ్యాటరీలు మరిచి చూశాడు.

మూడువేల ఎనిమిదొందలు.
ఇంట్లో చెప్పబోయే ధర వేరే.

నాయుడుపేట బస్సులో ఒళ్ళో పెట్టుకోని
కాళహస్తి దాటేదాకా పిడి తిప్పుతానే ఉన్నాను.
"పిండి కలిపే మిషనా?" అంది పక్కసీటావిడ.
"ఒకరకం రాట్నం" అన్నాను.

శనివారం తెల్లారుజాము, తూపిలిపాళెం.
కొక్కేనికి రొయ్య గుచ్చి, చువ్వ తెరిచి,
దారాన్ని చూపుడువేలికి ఆనించి
వెనక్కి వంగి
వదిలాను.

సీసపుగుండు మొదటి అల దాటింది.
రెండోదీ దాటింది.
యాడ పడిందో నా కంటికి ఆనలేదు.
చేతి దగ్గర మాత్రం
కండె అట్లే కూర్చోనుంది,
సముద్రం వచ్చి నూలడిగినట్టు,
లేదనకుండా ఇచ్చినట్టు.

చువ్వని చేత్తోనే మూశాను.
పిడి తిప్పి మూస్తే స్ప్రింగు అరిగిపోతాదంట.
ఇదొక్కటీ వజ్రవేలు చెప్పిందే.

ఎనిమిదింటికి ఒక జెల్ల, జానెడు.
ముల్లు తగలకుండా విడిపించి వదిలేశాను.
తర్వాత నాచు. తర్వాత ఎవరిదో చెప్పువారు.

ఇంటికొచ్చి బిరడా వదులుచేసి
మంచినీళ్ళ గుడ్డతో తుడస్తా ఉంటే
మగ్గం గుంటలోంచి ఆయన కేక,
కండె అయిపోయిందని.

"ఉండు" అన్నాను,
"దీని ఉప్పింకా పోలేదు."